సామ్ జాఫీ: గణితోపాధ్యాయుడైన నటుడు

నాటకమందైనను చలనచిత్రమందైనను ప్రేక్షకులు నాయకుని పేరునే జ్ఞాపకముంచుకొందురు. తండ్రిగనో, వైద్యునిగనో, దొంగగనో, సేవకునిగనో వచ్చి కథను మోసికొనిపోవు నటుని ముఖము గుర్తుండును గాని పేరు నోటికి రాదు. ఇట్టివారిని ఆంగ్లేయ భాషలో క్యారెక్టరు యాక్టరులందురు. అమెరికా దేశమున అరువది యేండ్లకు పైగా ఈ వృత్తిలో నుండిన సామ్ జాఫీని గూర్చి వ్రాయుటలో మాకు కొంత స్వపక్షాభిమానము కూడ కలదని ముందే ఒప్పుకొనుచున్నాము. ఆయన మొదట మావంటి బడిపంతులు.

జాఫీ 1891 మార్చి 10వ తేదీన న్యూయార్కు నగరమున ఒక యూదు కుటుంబమునందు జన్మించెను. తల్లి నటి. కుమారుడు మాత్రము ఆ నగరపు సిటీ కాలేజీలో పట్టము పొంది, కొలంబియా విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు చదివి, బ్రాంక్సులో ఒక పాఠశాలయందు గణితము బోధించెను. 1915లో వాషింగ్టన్ స్క్వేర్ ప్లేయర్సు అను నాటక సమాజమున చేరెను. నెలజీతపు పని విడిచి నాటకములలో చేరెదనన్నచో మన యిండ్లలో నేమందురో చదువరులే యూహింపవచ్చును.

రంగస్థలముపై ఆయన ఎదుగుదల మెల్లగా జరిగెను. 1930లో 'గ్రాండ్ హోటల్' అను నాటకమున మరణ మాసన్నమైన ఒక పేద గుమాస్తా వేషము ధరించెను. ఆ గుమాస్తా తన జీవితకాలపు కూడికను వెంటదెచ్చుకొని, మిగిలిన నాలుగు దినములును గొప్పవారి హోటలులో గడుపగోరును. నాటకము మిక్కిలి ప్రసిద్ధి కెక్కెను. అయితే 1932లో దానిని చిత్రముగా తీసినప్పుడు ఆ వేషము లయొనెల్ బారీమోరునకు దక్కెను. ఇట్టి నటుల బ్రతుకున ఇది వింత గాదు.

ఆయన తెరపై కనబడునప్పటికి వయస్సు నలువది మూడు. 1934లో 'స్కార్లెట్ ఎంప్రెస్' చిత్రమున మతి చలించిన రష్యా యువరాజుగా నటించెను. 1937లో వెలువడిన 'లాస్ట్ హొరైజన్'లో ఆయన ప్రధాన లామా. వయస్సు రెండు వందల యేండ్లకు పైబడినది. ఆ లామా పూర్వము బెల్జియము నుండి వచ్చిన క్రైస్తవ గురువట. చిత్రము తీయునాటికి జాఫీ నలువదియైదేండ్లవాడు. రంగులు పూసి ముఖమును ముడుతలు పడజేయవచ్చును గాని, మాటకు మాటకు నడుమ ముసలివాడు తీసికొను నూపిరిని రంగులతో పూయలేరు గదా! అది ఆయన స్వయముగా సాధించుకొన్న విద్య.

1939 నాటి 'గంగాదీన్'ను గూర్చి మా మనస్సు రెండుగా చీలుచున్నది. కిప్లింగు పద్యము నాధారము చేసికొని తీసిన ఆ చిత్రమున హిందూదేశపు కొండలన్నియు కాలిఫోర్నియాలోని కొండలే. మనవారి ముఖ్య పాత్రలకు తెల్లవారు నలుపు పూసికొనిరి. తెల్లదొరలకు నీళ్లు మోయు గంగాదీను వారి సైన్యమును కాపాడుటకై తుదకు ప్రాణము విడుచును. ఈ కథ మనకు రుచింపదు. బంగాళమునను బొంబాయిలోను ప్రభుత్వములే దానిని నిషేధించెను. అయినను నలువది యేడేండ్ల యూదు పంతులు ఆ నీళ్లబంట్రోతును వెక్కిరింపునకు గురిచేయక, మర్యాద గల మనుష్యునిగా నిలిపెనని చెప్పక తప్పదు. దోషము కథదే గాని వేషధారిది కాదని మా యభిప్రాయము. కాదనువారును గలరు.

1950లో జాన్ హ్యూస్టన్ తీసిన 'యాస్ఫాల్ట్ జంగిల్' ఆయనకు పేరు తెచ్చెను. అందు ఆయన చెరసాల నుండి అప్పుడే విడుదలయై నగల దోపిడికి లెక్క తప్పకుండ పన్నాగము పన్ను వృద్ధుడు. తప్పించుకొనిపోవుచు ఒక బాలిక నృత్యము చూచుటకు నిలిచి, ఆ కొన్ని నిమిషముల ఆలస్యముచేతనే పట్టుబడును. వెనిస్ చలనచిత్రోత్సవమున ఆయనకు ఉత్తమ నటుని బహుమానము లభించెను; ఆస్కారునకును పేరు ప్రతిపాదింపబడెను.

విచిత్రమేమనగా, ఆ సంవత్సరముననే 'రెడ్ ఛానల్స్' అను పుస్తకము వెలువడి, కమ్యూనిస్టు పక్షపాతులని 151 మంది కళాకారుల పేర్లను ప్రకటించెను. అందు జాఫీ పేరును గలదు. న్యాయస్థానము లేదు, సాక్షులు లేరు, శిక్ష మాత్రము పడెను. 1951లో 'ది డే ది ఎర్త్ స్టుడ్ స్టిల్' అను చిత్రమున నల్లబల్ల నిండ గణిత సమీకరణములు వ్రాసికొన్న ఆచార్యునిగా కనబడిన పిదప, హాలీవుడ్ ద్వారములు ఆయనకు మూతపడెను. అరువది యేండ్ల ప్రాయమున, బహుమతి చేతికందిన మరునాడే పని లేకపోవుట యెంతటి దుఃఖము! 1957లో ఫ్రాన్సు దేశమున క్లూజో అను దర్శకుడు ఆయనకు వేషమిచ్చెను. 1958లో హ్యూస్టన్ మరల పిలిచెను. 1959లో 'బెన్‌హర్' చిత్రమున సిమొనిడెస్ వేషము లభించెను.

ఆయన 1984 మార్చి 24న మరణించెను. అంతకు మునుపే, డెబ్బదియవ యేట, టెలివిజను ఆయనను ఇంటింటికిని పరిచితుని చేసియుండెను. 1961లో ప్రారంభమైన 'బెన్ కేసీ' అను వైద్య కథావళిలో చెదరిన తెల్ల జుట్టుతో డాక్టరు జోర్బాగా 1965 వరకు నటించెను; భార్య బెట్టీ యాకర్‌మన్ అందులో మరియొక వైద్యురాలు. ప్రతి కథకు ముందును తెరపై ఒక నల్లబల్ల కనబడును. ఒక చేయి సుద్దముక్కతో పురుషుని, స్త్రీని, జననమును, మరణమును, అనంతమును సూచించు అయిదు గుర్తులను వరుసగా వ్రాయుచుండగా, వాని పేర్లను ఒక్కొక్కటిగా చదివి వినిపించు కంఠము జాఫీది.