భుజం నొప్పంతా గుజ్జు అరుగుదలేనా?

పులివెందుల, లింగాల తోటల్లో అరటి కోతలు మొదలైతే గెలలను చెట్టు దగ్గర్నుంచి లారీ దాకా చేర్చేది మనుషుల భుజాలే. గెల ఒక్కోటి పాతిక, ముప్పై కిలోలు తూగుతుంది. ఏళ్ల తరబడి ఆ పని చేసిన మనిషికి చెయ్యి పైకి లేవకపోతే ‘గుజ్జు అరిగిపోయింది’ అని ఊరంతా తేల్చేస్తుంది. మోకాలి విషయంలో ఆ తీర్పు చాలాసార్లు నిజమే. భుజం దగ్గరికొచ్చేసరికి అది తొందరపాటు. భుజాన పెట్టుకున్న గెల బరువు అసలు బంతికీలు గుండా పోనే పోదు. మెడపక్క కండ, కాలర్ ఎముక, రెక్క ఎముకల మీదుగా వెన్నుకు దిగుతుంది. అరిగితే ముందు అరిగేది కాలర్ ఎముక కొసనున్న చిన్న కీలు. ఇక గెల జారకుండా పైకెత్తి పట్టుకున్న చేతిలో నలిగేది రొటేటర్ కఫ్, అంటే నాలుగు కండరాలను బంతి ఎముకకు కట్టి ఉంచే పట్టీల కూర్పు. భుజం నొప్పుల్లో పెద్ద వాటా దీనిదే.

గుజ్జు అని మనం పిలిచే మృదులాస్థి ఎముకల కొసలను కప్పి ఉండే నున్నటి పొర. అందులో రక్తనాళాలూ లేవు, నరాలూ లేవు. నరాలు లేవు గనుక అరుగుదల మొదట్లో తెలియదు. తెలిసేటప్పటికి కింది ఎముకో, కీలు లోపలి పొరో రాజుకుని ఉంటుంది. రక్తం అందదు గనుక చెడిన చోట మళ్లీ అలాంటి పొర రాదు. లండన్ వైద్యుడు విలియం హంటర్ 1743లోనే రాయల్ సొసైటీకి ఈ సంగతి విన్నవించాడు. భుజంలో బంతి ఎముక కూర్చునే గిన్నె మరీ లోతు తక్కువ. చిన్న సాసరు మీద చీనీకాయ పెట్టినట్టుంటుంది, అందుకే తేలిగ్గా జారుతుంది. కానీ ఒంటి బరువు మోసే కీలు కాదు కాబట్టి ఇక్కడ గుజ్జు దానంతటదే అరగడం మోకాలికన్నా అరుదు. అరిగిందంటే వెనక మరో కారణం వెతకాలి: పదేపదే కీలు జారడం, ఏళ్లుగా వదిలేసిన కఫ్ చిరుగు, కీళ్లవాతం, క్షయ. ఒక్కోసారి వైద్యమే కారణం. ఆపరేషన్ తర్వాత నొప్పి తెలియకుండా పంపుతో భుజం కీలులోకి రోజుల తరబడి మత్తుమందు ఎక్కించగా గుజ్జు కరిగిపోయిన కేసులు బయటపడి, 2009లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించాల్సి వచ్చింది.

ఎక్స్‌రేలో అరుగుదల కనిపిస్తోంది కదా అనవచ్చు. ఎక్స్‌రేలో గుజ్జు కనపడదు, ఎముకల మధ్య సందు మాత్రమే కనపడుతుంది. పెద్ద వయసువాళ్లలో నొప్పే లేని భుజాల్లోనూ ఎమ్మారై కఫ్ చిరుగులు చూపిస్తుంది. అందుకే ఫిల్మ్ కన్నా ముందు చేతిని చూడాలి. మోచేతిని మడిచి పక్కటెముకలకు ఆనించి, ముంజేతిని బయటికి తిప్పమనాలి. తనంతట తాను తిప్పలేకపోయినా, ఎదుటివాళ్లు తిప్పితే తిరిగిందంటే లోపం చాలావరకు పట్టీలోనే. ఎవరు తిప్పినా తిరగకపోతే కీలునే అనుమానించాలి. అప్పుడు ఎక్స్‌రేలో సందు బాగుంటే అది బిగుసుకున్న భుజం, షుగర్ ఉన్నవాళ్లలో ఎక్కువ. సందు మూసుకుపోయి ఎముక ముళ్లు లేచి ఉంటే అరుగుదల. సీమలో ఇంకో చిక్కుంది. కడప, అనంతపురం పల్లెల్లో చాలాచోట్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. అప్పటి నెల్లూరు జిల్లాలో 1937లో గుర్తించిన ఫ్లోరోసిస్‌లో కీళ్ల చుట్టూ ఉన్న బంధనాలే గట్టిపడతాయి. మెడ, నడుము కూడా బిగిసిన మనిషికి భుజంలో స్టెరాయిడ్ సూది వేసి లాభం లేదు, ముందు తాగే నీళ్లు మార్చాలి.

సూది వేయించుకుంటే నాలుగు రోజుల్లో కూలికి పోవచ్చు కదా అనే మాటను కొట్టిపారేయలేం. రోజు కూలి మీద బతికేవాళ్లకు విశ్రాంతి చెప్పడం తేలిక. స్టెరాయిడ్ కొన్ని వారాలు నొప్పి తగ్గిస్తుంది, నిజమే. కానీ మోకాళ్ల మీద జరిపి 2017లో ప్రచురించిన పరీక్షలో, మూడు నెలలకోసారి రెండేళ్లు ఈ సూది వేసినవాళ్లకు ఉత్తి ఉప్పునీటి సూది వేసినవాళ్లకన్నా గుజ్జు ఎక్కువ తరిగింది, నొప్పి మాత్రం అదనంగా తగ్గలేదు. భుజం గుజ్జూ అదే జాతిది. చెయ్యి జోలెలో వేసుకుని నెలల తరబడి కదపకపోవడమూ తప్పే. కీలు కదిలితేనే లోపలి ద్రవం నుంచి గుజ్జుకు ఆహారం అందుతుంది. తల పైకి చేతులెత్తి చేసే పని తగ్గించి, ఫిజియోథెరపీ ఓపికగా నెలల పాటు చేయాలి. పూర్తిగా అరిగి రాత్రి నిద్ర కూడా పట్టనివాళ్లకు కీలుమార్పిడి ఉంది.

మన చేతిలో ఉన్నది కీలు జారడాన్ని తేలిగ్గా తీసుకోకపోవడం. కబడ్డీలోనో, బండి మీద నుంచి పడో భుజం జారిన కుర్రాడిని పుత్తూరు కట్టుకు తీసుకుపోయే ముందు కడప రిమ్స్‌లోనో, దగ్గర్లోని ఎముకల డాక్టరు దగ్గరో ఎక్స్‌రే తీయించండి. ఇరవై ఏళ్ల లోపు ఒకసారి జారిన భుజం మళ్లీ జారే అవకాశం చాలా ఎక్కువ, జారినప్పుడల్లా గుజ్జుకు దెబ్బే. రెండోసారి జారితే ఆపరేషన్ అవసరమా అని డాక్టరును మీరే అడగండి.