పీఆర్ వచ్చేలోగా విజిటర్ వీసా: కెనడా కొత్త దంపతులకు కొన్ని సంగతులు

మన పెళ్లిళ్ల తీరు అందరికీ తెలిసిందే. అబ్బాయి బ్రాంప్టన్ నుంచో కాల్గరీ నుంచో మూడు నాలుగు వారాల సెలవు మీద ఊరికి వస్తాడు. పెళ్లి, సత్యనారాయణ వ్రతం, తిరుమల దర్శనం, సబ్‌ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్ట్రేషన్ అయ్యేసరికి సెలవు కాస్తా అయిపోతుంది. అతను విమానం ఎక్కుతాడు, అమ్మాయి పుట్టింట్లోనో అత్తగారింట్లోనో ఉండిపోతుంది. అమ్మాయి కెనడాలో పౌరురాలై, అబ్బాయి గుంటూరులోనో వరంగల్‌లోనో ఎదురుచూసే ఇళ్లు కూడా ఇప్పుడు తక్కువేమీ కాదు. శాశ్వత నివాసం (పీఆర్) కోసం స్పాన్సర్‌షిప్ ఫైలు వేస్తారు. భార్యాభర్తల ఫైళ్లను 12 నెలల్లో తేల్చాలన్నది కెనడా ఇమిగ్రేషన్ శాఖ తనకు తాను పెట్టుకున్న లక్ష్యం. అది దాటిపోవడమూ మామూలే. ఆషాఢంలో కొత్త జంటను నెల్లాళ్లు విడిగా ఉంచితేనే బెంగపడే ఇళ్లు మనవి. ఏడాది పైమాటంటే ఆ ఇద్దరికీ ఎంత కష్టమో వేరే చెప్పాలా?

అందుకే ఉగాది వేడుకల్లో భోజనాల వరుసలో ఈ ప్రశ్న ఏటా వినిపిస్తుంది. "ఫైలు నడుస్తుండగా విజిటర్ వీసా మీద వచ్చి ఉండొచ్చా?" పక్కనే ఎవరో ఒకరు జవాబు చెప్పేస్తారు. "పొరపాటున కూడా వెయ్యకు. పీఆర్ ఫైలుందని తెలిస్తే విజిటర్ ఇవ్వరు. విజిటర్ రిజెక్టయితే పీఆర్ కూడా పోతుంది." ఈ మాటలో రెండు సగాలూ తప్పే. దీన్ని నమ్మి దరఖాస్తే వేయకుండా నెలల తరబడి విడిగా గడిపిన జంటలు ఉన్నాయి. దీన్ని నమ్మి పీఆర్ ఫైలు సంగతి దాచిపెట్టి, అసలు ఫైలుకే ముప్పు తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు.

ఈ భయం పుట్టింది అమెరికాలో. అక్కడి ఇమిగ్రేషన్ చట్టంలో 214(బి) అనే సెక్షన్ ఉంది. విజిటర్ వీసా అడిగే ప్రతి మనిషీ అక్కడే ఉండిపోవడానికి వస్తున్నట్టు ఆఫీసరు మొదట అనుకోవాలి. కాదని నిరూపించుకునే బాధ్యత దరఖాస్తుదారుదే. హెచ్-1బి, ఎల్-1 వాళ్లకు ఈ ఇబ్బంది లేదు. గ్రీన్‌కార్డు భర్త పిటిషన్ వేసి ఉన్న భార్య విజిటర్ వీసాకు వెళితే మాత్రం, ఆ పిటిషనే ఆమెకు ఎదురు సాక్ష్యం చెబుతుంది. ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న కుటుంబాల కోసం 2000 డిసెంబరులో అక్కడ 'వి' వీసా అని ఒకటి తెచ్చారు. అయితే ఆ నెల 21వ తేదీ నాటికి పిటిషన్ వేసినవాళ్లకే అది వర్తించింది, తర్వాత వచ్చినవాళ్లకు అందలేదు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న బాబాయిలూ పిన్నులూ ఆ బాధలన్నీ పడ్డవాళ్లే. వాళ్లు చెప్పేది వాళ్ల దేశానికి నిజం. ఆ సలహా సరిహద్దు దాటి టొరంటో వచ్చేటప్పటికి దేశం మారిందన్న సంగతి ఎవరూ చూసుకోలేదు.

కెనడా చట్టం ఈ విషయంలో వేరుగా మాట్లాడుతుంది. 2001లో పార్లమెంటు చేసిన ఇమిగ్రేషన్ అండ్ రెఫ్యూజీ ప్రొటెక్షన్ యాక్ట్‌లో 22వ సెక్షన్, 2వ ఉపసెక్షన్ చదవండి. శాశ్వత నివాసి కావాలన్న ఉద్దేశం ఉన్నంత మాత్రాన తాత్కాలికంగా రావడానికి అది అడ్డు కాదని, అయితే ఇచ్చిన గడువు ముగిసేలోగా ఆ మనిషి దేశం విడిచి వెళ్తారని ఆఫీసరుకు నమ్మకం కలగాలని దాని సారాంశం. దీన్నే డ్యూయల్ ఇంటెంట్ అంటారు. చాలామంది మొదటి సగం చదివి సంతోషిస్తారు. దరఖాస్తు నెగ్గేదీ ఓడేదీ రెండో సగం మీదే. తిరస్కరణ ఉత్తరాల్లో కనిపించే 179(బి) నిబంధన చెప్పేదీ ఆ రెండో సగం గురించే.

అమ్మాయికి కెనడాలో స్థిరపడాలని ఉందని ఆఫీసరుకు ముందే తెలుసు, ఫైలే ఆ మాట చెబుతోంది. ఆయన తేల్చుకోవాల్సింది మరొకటి. రేపు పీఆర్ రాకపోతే ఈమె చట్టాన్ని గౌరవించి వెనక్కి వెళ్తుందా? మీ కవరింగ్ లెటరూ, జతపరిచే ప్రతి కాగితమూ ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పాలి. భార్యాభర్తల ప్రేమ గురించి మూడు పేజీలు రాసి, వెనక్కి వెళ్లడం గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టిన ఉత్తరం ఆ ప్రశ్నను ముట్టుకోనట్టే.

2023 మే 26న అప్పటి ఇమిగ్రేషన్ మంత్రి షాన్ ఫ్రేజర్ చేసిన ప్రకటన కూడా ఈ సందర్భంలో గుర్తుంచుకోదగింది. స్పాన్సర్‌షిప్ ఫైలున్న భార్యాభర్తల విజిటర్ దరఖాస్తులను వేరే పద్ధతిలో త్వరగా చూస్తామని, చాలావాటిని 30 రోజుల్లో తేలుస్తామని శాఖ ఆ రోజు చెప్పింది. అప్పటికే ఆ పద్ధతిలో చూసిన దరఖాస్తుల్లో 90 శాతానికి ఆమోదం దొరికిందని కూడా వెల్లడించింది. అంటే పీఆర్ ఫైలు ఉండటం ఇక్కడ నేరం కాదు సరికదా, ఆ ఫైలే మీ దరఖాస్తును త్వరగా కదిలించవచ్చు. అందుకే స్పాన్సర్‌షిప్ ఫైలు పూర్తిగా వేసి, అది అందినట్టు శాఖ పంపే ఏఓఆర్ చేతికొచ్చాక, దాని కాపీ జతచేసి విజిటర్ వీసా అడగడమే మేలని నా అభిప్రాయం. విజిటర్ సంగతి తేలాక పీఆర్ చూద్దామని అసలు ఫైలును వాయిదా వేయడం మాత్రం ఎవరికీ మంచిది కాదు.

ఇక దాచడం గురించి. విజిటర్ వీసా ఫారంలో, అంటే ఐఎంఎం 5257లో, గతంలో కెనడాకు దరఖాస్తు చేశారా, ఏ దేశమైనా మీకు వీసా నిరాకరించిందా అని అడుగుతారు. కెనడా ఒక్కటే కాదు, ఏ దేశమైనా. మన పిల్లల్లో చాలామంది బీటెక్ అవగానే హైదరాబాద్ అమెరికన్ కాన్సులేట్‌లో ఎఫ్-1 ఇంటర్వ్యూకి వెళ్లి తిరస్కరణ చూసినవాళ్లే. పెళ్లి సంబంధాలప్పుడు ఆ సంగతి ఎవరూ ఎత్తరు, ఫారం నింపేటప్పుడు కూడా అదే అలవాటుగా 'నో' అని పెట్టేస్తారు. కెనడా, అమెరికా ప్రభుత్వాలు వీసా సమాచారం ఇచ్చిపుచ్చుకుంటాయి. ఎఫ్-1 రాకపోవడం వల్ల జరిగే నష్టం చాలా చిన్నది, ఒక్క పేరాలో వివరించవచ్చు. దాన్ని దాచితే కెనడా ఇమిగ్రేషన్ చట్టం 40వ సెక్షన్ కింద తప్పుడు సమాచారం ఇచ్చినట్టవుతుంది. ఆ ముద్ర పడితే అయిదేళ్లపాటు కెనడాలోకి ప్రవేశం ఉండదు, ఆ అయిదేళ్లలో పీఆర్‌కు దరఖాస్తు చేసుకునే వీలూ ఉండదు. నడుస్తున్న స్పాన్సర్‌షిప్ ఫైలు కూడా దానితోనే కూలిపోతుంది. ఉత్త విజిటర్ తిరస్కరణ వల్ల పీఆర్ పోదు. అబద్ధం వల్ల పోతుంది.

ఫారం ఏజెంటు నింపాడు, నాకు తెలియదు అంటే శాఖ ఒప్పుకోదు. సంతకం మీది, బాధ్యతా మీదే. డబ్బు తీసుకుని ఇమిగ్రేషన్ సలహా ఇవ్వాలన్నా, ఫైలు నడపాలన్నా కెనడా చట్టం ప్రకారం లాయరో, అనుమతి ఉన్న పారాలీగలో, క్యూబెక్ నోటరీనో, లైసెన్సున్న కన్సల్టెంటో అయి ఉండాలి. ఆ కన్సల్టెంట్లకు లైసెన్సు ఇచ్చేది కాలేజ్ ఆఫ్ ఇమిగ్రేషన్ అండ్ సిటిజన్‌షిప్ కన్సల్టెంట్స్. పేరు దాని జాబితాలో ఉందో లేదో వెబ్‌సైటులో నిమిషంలో చూసుకోవచ్చు. డబ్బు తీసుకుంటూ, ఫారంలో తన పేరు మాత్రం రాయొద్దనే మనిషి దగ్గర ఫైలు పెట్టకండి.

వెనక్కి వెళ్తారన్న నమ్మకం ఎలా కలుగుతుంది? ఆఫీసరు చూసేవి ఎంతకాలం ఉంటామంటున్నారు, ఎవరు పోషిస్తారు, స్వదేశంలో ఏ బాధ్యతలు మిగిలి ఉన్నాయి, ఇదివరకు ఇతర దేశాలకు వెళ్లి గడువులోగా తిరిగొచ్చారా, కాగితాలు నమ్మదగినవేనా వంటివి. ఇందులో మన ఇళ్లలో మనమే చేజేతులా పాడుచేసుకునేది ఉద్యోగం. పెళ్లి కుదిరిన మర్నాడే అమ్మాయి చేత రాజీనామా చేయించే ఇళ్లు ఇంకా ఉన్నాయి. "ఎలాగూ వెళ్లిపోయేదేగా" అంటారు. వెళ్లేది ఎప్పుడు? ఏడాది తర్వాతో, ఏడాదిన్నర తర్వాతో. ఆ ఏడాది ఆమెకు జీతం ఉండదు, చేతిలో పని ఉండదు. కెనడా వచ్చాక ఉద్యోగం వెతుక్కునేటప్పుడు రెజ్యూమెలో ఆ ఖాళీకి సంజాయిషీ చెప్పుకోవాలి. ఇప్పుడు విజిటర్ దరఖాస్తు ఆఫీసరు ముందుకు వెళ్తుంది. ఉద్యోగం లేదు, చదువు లేదు, భర్త కెనడాలో, ఆస్తి తండ్రి పేరిట. ఆమె తిరిగి వెళ్లడానికి కారణాలన్నిటినీ కుటుంబమే తుడిచేశాక, ఆఫీసరుకు నమ్మకం ఎక్కణ్నుంచి వస్తుంది? పీఆర్ చేతికి వచ్చేదాకా అమ్మాయి ఉద్యోగం మాననక్కర్లేదు. వీసా కోసమనే కాదు, ఆమె కోసం కూడా ఈ మాట రెండువైపుల పెద్దలకూ చెబుతున్నాను.

ఉద్యోగం ఉంటే లీవ్ లెటర్ తీసుకోండి. హోదా, జీతం, చేరిన తేదీ, సెలవు తేదీలు, తిరిగి చేరాల్సిన రోజు అందులో ఉండాలి. మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆరు నెలల సెలవు ఇచ్చిందంటే నమ్మడం కష్టం. ఆరు వారాలో రెండు నెలలో అడిగితే ఉత్తరమూ దరఖాస్తూ ఒకదానికొకటి సరిపోతాయి. ఉద్యోగం ఇప్పటికే మానేసి ఉంటే మధ్యలో ఉన్న పీజీయో బీఈడీయో, ఆమె పేరనే ఉన్న స్థలమో, చూసుకోవాల్సిన తల్లిదండ్రుల పరిస్థితో, లోగడ సింగపూర్, దుబాయ్ వెళ్లి వచ్చిన ముద్రలో, ఉన్నదేదో ఉన్నట్టు చూపండి.

డబ్బు విషయంలో మనవాళ్లకు చార్టర్డ్ అకౌంటెంటు ఇచ్చే ఆస్తుల సర్టిఫికెట్ మీద నమ్మకం ఎక్కువ. తాతగారి పొలంతో సహా అన్నీ కలిపి కోట్లలో చూపిస్తారు. దరఖాస్తుకు వారం ముందు అమ్మాయి ఖాతాలో లక్షలు పడతాయి. ఇవి మేలు కన్నా అనుమానాన్నే పెంచుతాయి. నెలనెలా జీతం పడిన ఆరు నెలల స్టేట్‌మెంటు, ఖర్చు భర్తదైతే అతని పే స్టబ్‌లు, కెనడా రెవెన్యూ ఏజెన్సీ ఇచ్చిన నోటీస్ ఆఫ్ అసెస్‌మెంట్, అద్దె ఒప్పందం, ఆహ్వాన పత్రం చాలు. భార్యను లేదా భర్తను స్పాన్సర్ చేయడానికి సాధారణంగా కనీస ఆదాయమనే షరతు లేదు కాబట్టి పీఆర్ ఫైలులో ఈ కాగితాలు మీరు పెట్టి ఉండకపోవచ్చు. విజిటర్ దరఖాస్తులో మాత్రం తప్పనిసరిగా పెట్టండి. రెండు ఫైళ్లలోనూ పెళ్లి తేదీ, చిరునామాలు, ఉద్యోగ వివరాలు, ఇంటిపేరు రాసే తీరు ఒకేలా ఉండాలి, ఎందుకంటే రెండూ శాఖలో ఒకే కంప్యూటర్ వ్యవస్థలో కనిపిస్తాయి. వీసా ఫీజు 100 డాలర్లు, బయోమెట్రిక్స్‌కు 85. వేలిముద్రలు ఇవ్వడానికి హైదరాబాద్‌లోనే వీఎఫ్‌ఎస్ కేంద్రం ఉంది.

తిరస్కరణ వస్తే కంగారుపడి మర్నాడే అవే కాగితాలతో మళ్లీ వేయకండి. 2025 జూలై చివరి నుంచి తిరస్కరణ ఉత్తరంతో పాటు ఆఫీసరు రాసుకున్న నోట్సు కూడా పంపడం శాఖ మొదలుపెట్టింది. అది రాకపోతే, కెనడాలో ఉన్న భర్త భార్య అనుమతి పత్రంతో 5 డాలర్లు కట్టి సమాచార చట్టం కింద తెప్పించుకోవచ్చు. ఏ మాట దగ్గర నమ్మకం తప్పిందో అందులో ఉంటుంది, కొత్త దరఖాస్తు దానికి జవాబుగా ఉండాలి. బయటి దేశంలో జరిగిన నిర్ణయం మీద 60 రోజుల్లో ఫెడరల్ కోర్టుకు వెళ్లే హక్కు ఉంది. కానీ కోర్టు వీసా ఇవ్వదు, మహా అయితే మరో ఆఫీసరును మళ్లీ చూడమంటుంది. అంతకన్నా బలమైన కొత్త దరఖాస్తే చాలామందికి త్వరగా తేలే దారి.

వీసా వచ్చాక ఒక ప్రలోభం ఎదురవుతుంది. అమ్మాయి ఎలాగూ ఇక్కడికి వచ్చింది కదా, బయటి ఫైలు వెనక్కి తీసుకుని లోపలి ఫైలు వేద్దామని. తొందరపడకండి. దేశం బయటి నుంచి వేసే ఫ్యామిలీ క్లాస్ ఫైలు తిరస్కరణకు గురైతే ఇమిగ్రేషన్ అప్పీల్ డివిజన్‌కు వెళ్లే హక్కు స్పాన్సరుకు ఉంటుంది. లోపలి నుంచి వేసే క్లాసుకు ఆ హక్కు లేదు. పైగా దానిలో ఇద్దరూ ఇక్కడే కలిసి ఉండటం షరతు. చెల్లెలి పెళ్లికనో, నాన్నగారికి ఒంట్లో బాగాలేదనో ఊరెళ్లి తిరిగి రాలేకపోతే ఫైలే ప్రమాదంలో పడుతుంది. బయటి ఫైలు అలాగే ఉంచి, విజిటర్‌గా వచ్చి భర్తతో ఉండటానికి ఏ అడ్డూ లేదు.

విమానాశ్రయంలో బోర్డర్ సర్వీసెస్ ఆఫీసరు మళ్లీ ప్రశ్నలు అడుగుతారు. ఏఓఆర్, లీవ్ లెటర్, తిరుగు టికెట్ చేతి సంచీలో పెట్టుకోండి. "స్పాన్సర్‌షిప్ ఫైలు ఉందా?" అంటే ఉందనే చెప్పండి. వేరే తేదీ రాయకపోతే ఆరు నెలలు ఉండవచ్చు. ఇంకా ఉండాల్సి వస్తే గడువు ముగియకముందే పొడిగింపుకు దరఖాస్తు చేయాలి. అలా చేస్తే నిర్ణయం వచ్చేదాకా దేశంలో ఉండటం చట్టబద్ధమే. ఆరు నెలల లోపు కోర్సు చదవడానికి స్టడీ పర్మిట్ అక్కర్లేదు. ఉద్యోగానికి మాత్రం పర్మిట్ కావాల్సిందే. 2023 ప్రకటనలోనే బయటి ఫైలు వేసినవాళ్లకు కూడా, కెనడాలో చెల్లుబాటయ్యే స్టేటస్‌తో భార్యతోనో భర్తతోనో ఒకే ఇంట్లో ఉంటే, ఓపెన్ వర్క్ పర్మిట్ అడిగే వీలు కల్పించారు. దరఖాస్తు చేసే రోజున శాఖ వెబ్‌సైటులో ఆ నియమాన్ని ఒకసారి సరిచూసుకోండి. పర్మిట్ చేతికి రాకముందు తెలిసినవాళ్ల కొట్లో ఒక్క పూట పని చేసినా అది ఉల్లంఘనే.

ఆరోగ్య బీమా మాత్రం మర్చిపోవద్దు. విజిటర్‌గా వచ్చినవాళ్లకు అంటారియోలో ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన ఓహిప్ వర్తించదు. ప్రైవేటు విజిటర్ పాలసీలు చాలావాటిలో గర్భం, కాన్పు ఖర్చులు ఉండవు. ఆసుపత్రి బిల్లు వేల డాలర్లలో ఉంటుంది. కొత్త దంపతులు కాబట్టి ఈ సంగతి సిగ్గుపడకుండా ముందే మాట్లాడుకుని, పాలసీలో మినహాయింపుల పేజీ ఇద్దరూ కలిసి చదివి, టికెట్ కొన్న రోజే బీమా కూడా కొనండి.