లేదన్న చోటే చమురు పడింది!

‘ఆ దిబ్బ కింద చమురా? డబ్బు దండగ!’ అన్నారు నిపుణులు. గనుల ఇంజినీరు ఆంటొనీ లూకాస్ వినలేదు. 1855లో నేటి క్రొయేషియాలోని స్ప్లిట్‌లో పుట్టిన అతడు, అమెరికా వెళ్లి లూసియానాలో ఉప్పు కోసం తవ్విస్తూ చమురు జాడలు చూశాడు. ఆ నమ్మకంతోనే పక్కనున్న టెక్సస్‌లోని స్పిండిల్‌టాప్ దిబ్బ మీద బావి మొదలెట్టాడు. తొలి బావి దెబ్బతింది. చేతిలో డబ్బూ అయిపోయింది. పెట్టుబడిదారులు దొరికారు కానీ, లాభంలో పెద్ద వాటా వాళ్లకే. అయినా సరేనన్నాడు.

రెండో బావిలో ఇసుక కూలిపోతుంటే, డ్రిల్లింగ్ చేసిన హామిల్ సోదరులు నీళ్లకు బదులు బురదనీరు పంపి గోడలు నిలబెట్టారు. 1901 జనవరి 10న... వెయ్యి అడుగులకు పైగా లోతు నుంచి చమురు ఉవ్వెత్తున ఎగిసింది. రోజుకు సుమారు లక్ష పీపాలు! అదుపు చేయడానికి తొమ్మిది రోజులు పట్టింది.

లూకాస్ 1921లో కన్నుమూశాడు. లాభాలు ఎవరికి దక్కినా, చరిత్రలో ఆ బావి పేరు మాత్రం ‘లూకాస్ గషర్’!