టమాటా ధర: ఒకే వార్తలో రెండు సగాలు

2023 జూలైలో మా వీధికి వచ్చే కూరగాయల బండి మీద టమాటాలు గుట్ట పోసి కనబడేవి కావు. బండి నడిపే ఆమె వాటిని చిన్న బుట్టలో వేసి, కాటా పక్కన తన చేతికింద పెట్టుకునేది. ఎవరైనా అడిగితేనే తీసేది. పావుకిలోకు మూడు కాయలు, మహా అయితే నాలుగు తూగేవి. మా ఇంట్లో ఆ నెలంతా పప్పులోకి చింతపండే. నెలాఖరుకు మదనపల్లె మార్కెట్లో మేలురకం కాయ కిలో 200 రూపాయల దరిదాపుల్లో పలికింది. అది టోకు ధర.

సెప్టెంబరు మొదట్లో డోన్, పత్తికొండ వైపు రైతులు టమాటాలను రోడ్డు పక్కన పారబోశారు. మధ్యలో గడిచింది ఐదారు వారాలు.

నేను ఇంటర్నెట్ పత్రికకు రోజూ వార్తలు రాస్తాను. ఈ రెండింటినీ రెండు వేర్వేరు వార్తలుగానే రాశాను. ఇవి ఒకే వార్తలో రెండు సగాలని నాకు తెలిసిరావడానికి కొంతకాలం పట్టింది. తెలిసినంతవరకు వరసగా చెబుతాను. వంటింటి ఖర్చు, ఎన్నికల రాజకీయం, ఇంటి అప్పు వాయిదా మూడూ ఈ కాయ దగ్గర కలుస్తాయి.

ధర ఒక రోజుది, పంట మూడు నెలలది

రైతు టమాటా వేయాలని అనుకున్న రోజు నుంచి లెక్క మొదలుపెడదాం. నారు నర్సరీలో పెరగడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. పొలంలో నాటిన రెండు నెలలకు మొదటి కోత వస్తుంది. తర్వాత నెలన్నర, రెండు నెలలు కాయ వస్తూనే ఉంటుంది. నారు చేతికి సిద్ధంగా దొరికినా, నాటిన రోజుకూ అమ్మిన రోజుకూ మధ్య రెండు నెలలు తప్పవు. నాటేటప్పుడు రైతు చూసేది ఆనాటి ధర. అమ్మేటప్పుడు దొరికేది ఇంకో ధర.

2023 వేసవిలో ధర బాగా పడిపోయింది. చాలామంది తోటలను వదిలేశారు, కొత్తగా నాటినవాళ్లు తగ్గారు. ఉన్న తోటలను ఎండలూ తెగుళ్లూ దెబ్బతీశాయి. జూన్ చివరికి మార్కెట్‌కు వచ్చే సరుకు పలచబడింది, ధర ఎక్కింది. ఆ ధర చూసి వేలమంది ఒకేసారి నారు నాటారు. పక్క రైతు కూడా నాటుతున్నాడని ఎవరికీ లెక్క తెలియదు. ఆ తోటలన్నీ సెప్టెంబరుకు కలిసి కాపుకొచ్చాయి. ధర కూలింది.

దీన్ని ఆర్థికవేత్తలు సాలెగూడు సిద్ధాంతం (నిన్నటి ధర చూసి రేపటి పంట వేయడం వల్ల ధర పైకీ కిందికీ ఊగుతూ ఉండడం) అంటారు. ధరనూ సరుకునూ గ్రాఫు మీద గీస్తే ఆ గీత సాలెపురుగు గూడులా చుట్టుకుంటుంది. అందుకే ఆ పేరు.

ఉల్లిపాయనైతే కొన్ని నెలలు నిలవ పెట్టవచ్చు. పండిన టమాటాకు ఉన్నవి రోజులే. ధర లేదని ఆపుకుంటే కుళ్లిపోతుంది. అందుకే ఈ ఊగిసలాట టమాటాలో మరీ ఎక్కువ.

పారబోయడం ఎందుకు?

ఊరికే పంచిపెట్టవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. ఒక క్రేటు లెక్క చూస్తే జవాబు దొరుకుతుంది. కాయ కోయడానికి కూలి ఇవ్వాలి. మార్కెట్‌కు చేర్చడానికి బండి కిరాయి కట్టాలి. అక్కడ దించడానికి హమాలీ, అమ్మిపెట్టినందుకు మండీ కమీషన్, మెత్తబడిన కాయల పేరిట తరుగు. కిలో నాలుగైదు రూపాయలు పలికితే ఈ ఖర్చులకే చాలదు. విత్తనం, ఎరువు, కట్టెలు, పురికొస మీద పెట్టినది అంతకుముందే పోయింది. పంచడానికి కూడా కోత కూలీ కిరాయీ జేబులోంచే కట్టాలి. మార్కెట్ దాకా వచ్చి ధర విన్న రైతు, సరుకును వెనక్కి తీసుకెళ్లే కిరాయి దండగని దారిలోనే వదిలేస్తాడు.

మంచి ధర ఉన్నప్పుడు కూడా అంతా రైతుకు చేరదు. టమాటా, ఉల్లి, ఆలుగడ్డల మీద 2024లో రిజర్వు బ్యాంకు వెలువరించిన ఒక పరిశోధన పత్రం ప్రకారం, కొనేవాళ్లు టమాటాకు పెట్టే ప్రతి రూపాయిలో రైతుకు అందేది 33 పైసలు.

కాయ నుంచి కిస్తీ దాకా

ఇప్పుడు రెండో కొసకు వద్దాం. చిల్లర ద్రవ్యోల్బణం (మనం దుకాణంలో కట్టే ధరలు ఏడాదిలో ఎంత శాతం పెరిగాయో చెప్పే అంకె) లెక్కించడానికి ప్రభుత్వం ఒక ఊహా సంచి పెట్టుకుంటుంది. కుటుంబం 100 రూపాయలు ఖర్చు పెడితే దేనికి ఎంత పోతుందో అందులో ఉంటుంది. 2023లో వాడుకలో ఉన్నది 2012 నాటి సంచి. అందులో తిండి, పానీయాల వాటా 45.86 రూపాయలు. టమాటా వాటా 57 పైసలు.

57 పైసలు ఏపాటి అనిపిస్తుంది. కానీ 2023 జూలైలో టమాటా ధర నిరుటి జూలై మీద 201 శాతం పైగా పెరిగింది. అంటే మూడింతలు. 57 పైసల సరుకు మూడింతలైతే ఖర్చు రూపాయి పైచిలుకు పెరుగుతుంది. స్థూలంగా మొత్తం ద్రవ్యోల్బణంలో ఒక శాతం పాయింటు ఈ ఒక్క కాయదే. జూన్‌లో 5 శాతం లోపున్న ద్రవ్యోల్బణం జూలైలో 7.44కు ఎగబాకింది. సెప్టెంబరుకు 5.02కు దిగింది.

రిజర్వు బ్యాంకుకు చట్టం అప్పగించిన లక్ష్యం 4 శాతం. అటూ ఇటూ రెండు శాతం వరకు వెసులుబాటు ఉంది. అంకె 6 దాటితే రెపో రేటు (బ్యాంకులకు రిజర్వు బ్యాంకు ఇచ్చే అప్పు మీద వడ్డీ) తగ్గించడం కష్టం. 2023 ఫిబ్రవరి నుంచి 2025 ఫిబ్రవరి దాకా రెపో రేటు 6.5 శాతం దగ్గరే ఉండిపోయింది. తిండి ధరల నిలకడలేమి అందుకు రిజర్వు బ్యాంకు పదేపదే చెప్పిన కారణాల్లో ఒకటి. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులు కొత్తగా ఇచ్చే ఇంటి అప్పుల్లో మారే వడ్డీ ఉన్నవి చాలావరకు రెపోతో ముడిపడ్డాయి. టమాటా ఎప్పుడూ కొనని ఇంటికి కూడా దాని సెగ నెలవారీ కిస్తీ రూపంలో తగులుతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. 2024 జూలైలో కూడా చాలాచోట్ల టమాటా కిలో 70 రూపాయలు దాటింది. కొనేవాళ్లకు అది భారమే. అయినా ఆ నెల ద్రవ్యోల్బణం మొదటి అంచనాలో 3.54 శాతమే. పోల్చింది నిరుటి మండిపోయిన ధరతో కాబట్టి, లెక్కలో టమాటా చవకైంది. దీన్ని పునాది ప్రభావం (పోల్చే ఏడాది ధరను బట్టి ఈ ఏటి శాతం మారిపోవడం) అంటారు. ద్రవ్యోల్బణం ధర ఎంత ఎత్తున ఉందో చెప్పదు. ఎంత వేగంగా ఎక్కిందో మాత్రమే చెబుతుంది. 'ద్రవ్యోల్బణం తగ్గింది' అని నేను రాసినప్పుడు 'మాకేం తగ్గలేదే' అనే పాఠకుల మాటా నిజమే, ఆ అంకె కూడా నిజమే.

ప్రభుత్వం ఎప్పుడు కదులుతుంది?

2023 జూలైలో కేంద్రం ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్రల్లో టమాటా కొని ఢిల్లీకి తరలించింది. మొదట కిలో 90కి, తర్వాత 80కి, 70కి అమ్మింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రైతుబజార్లలో కిలో 50కి ఇచ్చింది. ధర ఎక్కినప్పుడు యంత్రాంగం వారాల్లో కదిలింది. ధర పడినప్పుడు అంత వేగం కనబడలేదు. కేంద్రం కనీస మద్దతు ధర ప్రకటించే 22 పంటల్లో ఒక్క కూరగాయ కూడా లేదు.

కారణం సులువుగానే తెలుస్తుంది. టమాటా కొనేవాళ్లు ప్రతి నియోజకవర్గంలో ఉన్నారు. పండించేవాళ్లు కొన్ని మండలాల్లోనే ఉన్నారు. 1998లో ఉల్లి ధర మండినప్పుడు ఢిల్లీ ఎన్నికల్లో అధికార పక్షం ఓడిపోయింది. ఆ పాఠం ఏ పార్టీ మరచిపోలేదు. ధర పడిపోయి ఓడిన పార్టీ పేరు అంత తేలిగ్గా గుర్తుకు రాదు.

కానీ సాలెగూడు లెక్క ప్రకారం, పడిన ధరను పట్టించుకోకపోతే ఎక్కిన ధర తప్పదు. నష్టపోయిన రైతు మళ్లీ నాటడు. అతను నాటకపోవడమే మన తర్వాతి ధర. గుజ్జు తీసే కర్మాగారాలు దగ్గర్లో ఉంటే మిగులు సరుకుకు ఒక దారి దొరుకుతుంది. అంతకంటే చవకైన పని ఒకటుంది. నారు ఇప్పుడు ఎక్కువగా నర్సరీల నుంచే వస్తోంది. ఏ వారం ఎన్ని మొక్కలు అమ్ముడయ్యాయో లెక్క తీసి ఊళ్లలో చాటితే, రెండు నెలల తర్వాత ఎంత కాయ రాబోతోందో నాటే ముందే తెలుస్తుంది. అందరూ ఒకేసారి నాటే తొందర కొంతైనా తగ్గుతుంది.

నా వరకు నేను ఒక అలవాటు చేసుకున్నాను. పారబోసిన టమాటాల ఫొటో వచ్చిన రోజు, మూడు నెలల తర్వాతి తేదీని డైరీలో గుర్తు పెట్టుకుంటాను. ఆ వారం మళ్లీ అదే మార్కెట్‌కు ఫోన్ చేస్తాను. మొదట అడిగేది ధర కాదు. ఈసారి ఎంతమంది నాటారని అడుగుతాను.