లారీ డీజిల్ ట్యాంకు సామర్థ్యం

లారీ డీజిల్ ట్యాంకు సామర్థ్యం అనగా ఆ ట్యాంకులో పట్టే డీజిల్ పరిమాణం. దీనిని లీటర్లలో తెలుపుతారు. తయారీదారు ప్రకటించిన అంకె, అంచుదాకా నింపితే పట్టేది, ఇంజనుకు అందేది - ఈ మూడూ ఒకటి కావు. కోనసీమలోని అంబాజీపేట నుండి ఉత్తరాది రాష్ట్రాలకు కొబ్బరికాయలు చేరవేసే లారీల వంటి దూరప్రయాణపు వాహనాల విషయంలో ఈ తేడా తెలియకపోతే, డ్రైవరు డీజిల్ అమ్ముకున్నాడన్న నింద పడే అవకాశం ఉంది.

వేడికి డీజిల్ వ్యాకోచిస్తుంది. 200 లీటర్ల డీజిల్ 10 డిగ్రీల సెల్సియస్ వేడెక్కితే లీటరున్నరకు పైగా పెరుగుతుంది. అందుకని ట్యాంకు పైభాగాన కొంత ఖాళీ వదలి సామర్థ్యాన్ని ప్రకటిస్తారు. అంచుదాకా నింపితే అంతకన్నా ఎక్కువే పడుతుంది కనుక, బిల్లు ఆ అంకెను దాటినంత మాత్రాన బంకులో మోసం జరిగినట్లు కాదు. అడుగున, పీల్చే గొట్టం మూతికి దిగువన మిగిలేది ఇంజనుకు అందదు.

అసలు చిక్కు కొలబద్ద ముంచి చూడడంలో ఉంది. లోపల 60 సెం.మీ. వ్యాసం, 100 సెం.మీ. పొడవు ఉండి, అడ్డంగా అమర్చిన స్థూపాకార ట్యాంకులో సుమారు 283 లీటర్లు పడతాయి. బద్ద పావు ఎత్తు, అంటే 15 సెం.మీ. తడిస్తే 71 లీటర్లు ఉన్నాయనుకోవడం సహజం. నిజానికి ఉండేది 55 మాత్రమే. ముప్పావు ఎత్తు వద్ద ఇందుకు విరుద్ధంగా, అనుకున్నదానికన్నా సుమారు 15 లీటర్లు ఎక్కువ ఉంటాయి. కోనసీమ కాలువగట్టు రోడ్డు వారన ఒరిగి నిలిచిన లారీలో ఈ కొలత ఇంకా తప్పుతుంది.

చదునైన నేలపై ట్యాంకును ఖాళీచేసి, తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉన్న 5 లీటర్ల కొలపాత్రతో నింపుతూ, ప్రతి పాత్రకూ బద్దపై గాటు పెట్టడం నమ్మదగిన పద్ధతి. ఆ బద్ద ఆ ఒక్క ట్యాంకుకే పనికివస్తుంది. ట్యాంకుకు సొట్ట పడితే గాట్లు మళ్ళీ పెట్టుకోవాలి.