ఎలక్ట్రాన్ల పొత్తు, పామాయిల్ గెల

జంగారెడ్డిగూడెం, కామవరపుకోట పరిసరాల మెట్ట భూముల్లో కోసిన ఆయిల్‌పామ్ గెలలను 24 గంటల్లోగా మిల్లుకు చేర్చాలనడానికి, గెలలోని నూనె అణువులను కట్టి ఉంచే సమయోజనీయ బంధాల్లో కొన్ని ఆలస్యమయ్యేకొద్దీ తెగిపోతూ ఉండటమే కారణం.

పరమాణువు నడుమ ధనావేశం గల కేంద్రకం, దాని చుట్టూ ఋణావేశం గల ఎలక్ట్రాన్లు ఉంటాయి. వాటిలో వెలుపలి కక్ష్యలోనివే ఇతర పరమాణువులతో కలయికకు పనికివస్తాయి. ఉప్పులో సోడియం తన ఎలక్ట్రాన్‌ను క్లోరిన్‌కు వదులుకుంటుంది. కార్బన్‌కు ఆ దారి కుదరదు. వెలుపలి నాలుగు ఎలక్ట్రాన్లను ఇచ్చివేయడానికి గాని, మరో నాలుగింటిని పూర్తిగా లాక్కోవడానికి గాని చాలా శక్తి కావాలి కనుక, అది పొరుగు పరమాణువుతో చెరొక ఎలక్ట్రాన్ పెట్టి, ఆ జంటను ఉమ్మడిగా అనుభవించే పొత్తు కుదుర్చుకుంటుంది. ఈ ఉమ్మడి జంటే సమయోజనీయ బంధం. గిల్బర్ట్ లూయిస్ 1916లో ఈ భావనను ప్రతిపాదించగా, 1919లో ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ దానికి పేరు పెట్టాడు. నడుమ చేరిన జంటను రెండు కేంద్రకాలూ ఆకర్షిస్తాయి, మరీ దగ్గరైతే కేంద్రకాలే ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఈ రెంటికీ తూకం కుదిరే దూరం హైడ్రోజన్ అణువులో 74 పికోమీటర్లు, అంటే మిల్లీమీటరును సుమారు కోటీ ముప్పైఅయిదు లక్షల భాగాలు చేస్తే అందులో ఒకటి.

పామాయిల్ అణువులో గ్లిసరాల్‌కు మూడు కొవ్వు ఆమ్లాల గొలుసులు అతుక్కుని ఉంటాయి. పామ్ చెట్టు పేరే పెట్టుకున్న పామిటిక్ ఆమ్లం ఈ నూనెలోని కొవ్వు ఆమ్లాల్లో సుమారు 44 శాతం. దాని 16 కార్బన్ల నడుమ ఉన్నవన్నీ ఏకబంధాలే కావడంతో గొలుసు నిటారుగా సాగుతుంది. ఒలెయిక్ ఆమ్లంలోనైతే 18 కార్బన్ల మధ్య ఒకచోట రెండు జంటలు పంచుకున్న ద్విబంధం ఉండి, అక్కడ గొలుసు వంగుతుంది. నిటారు గొలుసులు పేర్చిన కట్టెల్లా దగ్గరగా సర్దుకుంటాయి, వంకరవి సర్దుకోవు. అందుకే చలికాలంలో పామాయిల్ పేరుకుంటే, పొద్దుతిరుగుడు నూనె పలచగానే ఉంటుంది. పేరుకున్నా, కరిగినా ఒక్క సమయోజనీయ బంధమూ తెగదన్నది గుర్తుంచుకోవాలి. అప్పుడు మారేది అణువుల మధ్య ఉండే బలహీనమైన ఆకర్షణే. శుద్ధి చేయని నూనెలోని ఎరుపు కూడా బంధాల పనే: బీటా కెరోటిన్‌లో ఒకటి విడిచి ఒకటిగా వచ్చే 11 ద్విబంధాలు నీలికాంతిని పీల్చుకుంటాయి.

ఇక గెల సంగతి. కోతలోనో రవాణాలోనో కాయ నలిగితే, కణాల్లో విడిగా ఉన్న లైపేజ్ అనే ఎంజైమ్ నూనెను చేరి, నీటి అణువు సాయంతో గ్లిసరాల్‌కూ కొవ్వు ఆమ్లానికీ మధ్య ఉన్న బంధాన్ని తెంచుతుంది. విడివడిన ఆమ్లాలు పెరిగేకొద్దీ నూనె నాణ్యత తగ్గి, శుద్ధిలో నష్టం ఎక్కువవుతుంది. మిల్లులో గెలలను ముందుగా ఆవిరిపై ఉడికించడంతో కాయలు గెల నుంచి సులువుగా రాలడమే కాక, ఆ ఎంజైమ్ కూడా పని మానుకుంటుంది.