సరిగమల కన్నా ముందు

మన పాఠశాలల్లో ప్రాథమిక విభాగం వైపు వెళ్లినప్పుడు మీరు ఒక సంగతి గమనించే ఉంటారు. సంగీతం గదిలోంచి చాలాసార్లు పాట వినిపించదు, అడుగుల చప్పుడు వినిపిస్తుంది. ఒకటో తరగతి పిల్లలు గుండ్రంగా నడుస్తుంటారు, ఉన్నట్టుండి ఆగుతారు, మళ్లీ నడుస్తారు. ఇంకోరోజు అందరూ కళ్లు మూసుకుని కూర్చుంటారు. హార్మోనియం మూత పెట్టే ఉంటుంది. "చిన్నపిల్లలకు సంగీతం పీరియడంటే ఆటల పీరియడేనా?" అని పెద్ద తరగతుల పిల్లలు మమ్మల్ని అడుగుతుంటారు. కొందరు తల్లిదండ్రులూ అడుగుతారు, కాస్త మర్యాదగా.

ఆ పిల్లలు నేర్చుకుంటున్నది సంగీతమే. మనకు మాట ఎలా వచ్చిందో ఒకసారి తలచుకోండి. మొదట ఏడాదిపాటు విన్నాం. తరువాత వచ్చీరాని మాటలు పలికాం. అక్షరాలు దిద్దింది ఎప్పుడో నాలుగైదేళ్లకు. సంగీతం దగ్గరికి వచ్చేసరికి మాత్రం చాలాచోట్ల ఈ వరస తలకిందులవుతుంది. మొదటిరోజే పుస్తకం తెరిచి, స్వరాలు చదివించి, గొంతెత్తమంటారు. సరళీ వరసలను తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. పురందరదాసు ఏర్పరచినవని పెద్దలు చెప్పే ఆ పాఠాలు వందల ఏళ్లుగా నిలిచాయంటే వాటి బలం వాటికుంది. కాకపోతే ఆ రోజుల్లో గురువు ముందు కూర్చున్న పిల్లవాడి చెవి ఖాళీగా లేదు. విసుర్రాయి పాటలు, భజనలు, హరికథలు అప్పటికే ఆ చెవిలో ఉన్నాయి. ఇప్పటి పిల్లలకు ఆ వినికిడిని బడి సమకూర్చాలి. మూత పెట్టిన హార్మోనియం పక్కన జరుగుతున్న పని అదే.

నాన్నకో అమ్మకో బదిలీ అయినప్పుడల్లా ఊరు మారే మీకు ఇది మరీ అవసరం. చెన్నైలో రెండేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకున్న పిల్ల లక్నో వెళ్లిందనుకోండి. అక్కడ 'రి' కాస్తా 'రే' అవుతుంది. అది చిన్న విషయమే. కానీ రూపక తాళం అంటే ఇక్కడ ఆరు లెక్క, అక్కడ రూపక్ అంటే ఏడు. ఇక్కడి హిందోళానికి అక్కడ మాల్‌కౌంస్ అని పేరు. అక్కడ హిందోల్ అనేది పూర్తిగా వేరే రాగం. మన తోడి స్వరాలు వాళ్ల భైరవివి, వాళ్ల తోడి స్వరాలు మన శుభపంతువరాళివి. పేర్లు బట్టీపట్టిన పిల్ల కొత్త ఊళ్లో మళ్లీ మొదటి పాఠం నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది. చాలామంది రెండోసారి మొదలుపెట్టరు, మానేస్తారు. చెవికి అలవాటైన పిల్ల మాత్రం కొత్త గురువుగారు పాడగానే "ఇది నాకు తెలుసు, పేరే మారింది" అంటుంది. ఆరుకీ ఏడుకీ తేడా కాలికి తెలిసిన పిల్లవాడు రూపక్ దగ్గర తడబడినా, రెండో ఆవృతానికల్లా దారిలో పడతాడు.

వినడం ఎలా నేర్పుతారో క్లుప్తంగా చెబుతాం. కళ్లు మూసుకుని ఒక్క నిమిషం కూర్చోమంటారు. ఏమేం వినిపించాయో చెప్పమంటారు. రైల్వే కాలనీలో ఒక జాబితా వస్తుంది, కంటోన్మెంటులో బ్యూగిల్‌తో సహా ఇంకొకటి వస్తుంది. ఆ తరువాతవే అసలు ప్రశ్నలు. అన్నిటికన్నా పైస్థాయిలో ఉన్న శబ్దం ఏది? కిందిస్థాయిలో ఉన్నదేది? ఆగకుండా సాగింది ఏది, తెగి తెగి వచ్చింది ఏది? శ్రుతి, స్థాయి అనే మాటలు చెప్పకుండానే వాటిని గుర్తించడం మొదలవుతుంది.

ఇంట్లో మీరూ ఒకటి చేసి చూడండి. ఒకేలాంటి మూడు గాజు గ్లాసుల్లో వేరువేరు ఎత్తుల్లో నీళ్లు పోసి చెంచాతో మెల్లగా తట్టండి. నీళ్లు ఎక్కువున్న గ్లాసు కిందిస్వరం పలుకుతుంది. నీటి బరువుకి గాజు కంపనం నెమ్మదించడమే కారణం. పింగాణీ గిన్నెలతో జలతరంగం వాయించేవాళ్లు వాడుకునేది ఈ సూత్రాన్నే. ఇప్పుడు సన్నమూతి సీసాలో నీళ్లు పోసి అంచు మీదుగా ఊదండి. ఈసారి నీళ్లు ఎక్కువైనకొద్దీ స్వరం పైకి వెళుతుంది. ఎందుకంటే ఇక్కడ కంపించేది లోపల మిగిలిన గాలి. గాలి నిడివి తగ్గితే స్వరం హెచ్చుతుంది. ఈ రెండూ పక్కపక్కన చేసి చూపిస్తే రెండో తరగతి పిల్లలు కూడా నమ్మలేనట్టు మళ్లీ మళ్లీ ఊదుతారు.

ఇక నడక సంగతి. స్విట్జర్లాండులోని జెనీవాలో ఎమిల్ జాక్ డాల్‌క్రోజ్ అనే సంగీతాచార్యుడు ఉండేవాడు (1865-1950). తన విద్యార్థులు వేళ్లతో వాద్యం బాగానే వాయిస్తున్నా లయ నిలపలేకపోవడం ఆయన చూశాడు. అదే విద్యార్థులు వీధిలో నడిచేటప్పుడు ఒక్క అడుగూ తప్పడం లేదు. లయ ఒంట్లోనే ఉంది, దాన్ని సంగీతానికి అప్పగించడమే మిగిలింది అనుకున్నాడు. వాద్యం పక్కన పెట్టించి నడిపించాడు, ఆపించాడు, గెంతించాడు. ప్రాథమిక విభాగంలో మీరు చూసే 'నడు, ఆగు' ఆటకు మూలం ఆయన పద్ధతిలో ఉంది.

మనకు ఇది కొత్తేమీ కాదు. కేరళలో నంబూద్రి గురువులు వేదం చెప్పేటప్పుడు శిష్యుడి తల పట్టుకుని, స్వరాన్ని బట్టి వంచీ లేపీ నేర్పుతారు. స్వరం మెడలో నిలిచిపోతుంది. బతుకమ్మ చుట్టూ తిరిగేటప్పుడు ఏ అడుగుకి వంగి చప్పట్లు కొట్టాలో చిన్నపిల్లకు ఎవరూ పాఠం చెప్పరు. ముందున్న పిన్నిని చూసి తిరుగుతుంది, మూడో చుట్టుకి వచ్చేస్తుంది. కోలాటంలో అయితే కోలే గురువు. లెక్క తప్పితే ఎదుటివాడి కోలకు బదులు గాలి తగులుతుంది, లేదా మన వేలి కణుపు తగులుతుంది. రెండోది తగిలాక ఎవరూ లెక్క మరిచిపోరు!

మేము తెలుగు చెప్పేవాళ్లం కాబట్టి ఈ నడకను మా తరగతిలోకీ తెచ్చుకున్నాం. ఛందస్సులో లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు మాత్రలు అని పై తరగతుల్లో చదువుతారు కదా. హ్రస్వం లఘువు. దీర్ఘమైనా, సున్నా ఉన్నా, సంయుక్తాక్షరానికి ముందున్నా గురువు. (తాళంలో లఘువు అంటే వేరే అర్థం, రెండూ కలపకండి.) లఘువుకి ఒక పొట్టి అడుగు. గురువుకి రెండు దెబ్బల కాలం పట్టే ఒక పొడుగు అడుగు. ఒకరు బల్ల మీద సమానంగా నాలుగు దెబ్బలు కొడుతుంటారు. మిగతావాళ్లు తాము ఉండివచ్చిన ఊరి పేరు పలుకుతూ నడవాలి. చివర హల్లుంటే తెలుగు పద్ధతిలో ఉకారం చేర్చుకోవాలి.

ఆగ్రా నుంచి వచ్చిన పిల్ల రెండు పొడుగు అడుగులు వేస్తుంది. సిల్చరు ఒక పొడుగు, రెండు పొట్టి. షిలాంగు పొట్టి, పొడుగు, పొట్టి. మదురై రెండు పొట్టి, ఒక పొడుగు. తిరుపతి నాలుగూ పొట్టి అడుగులే, ఇంచుమించు పరుగు. చూడటానికి ఐదుగురూ ఐదు రకాలుగా నడుస్తున్నారు. కానీ అందరూ నాలుగో దెబ్బకే గమ్యం చేరుతున్నారు. తకధిమి, తకధిమి.

ఇప్పుడు పెద్ద తరగతుల వాళ్లు మీ వ్యాకరణ పుస్తకం తీసి కంద పద్యం లక్షణం చూడండి. గగ, భ, జ, స, నల అనే ఐదు గణాలు మాత్రమే రావాలని ఉంటుంది. ఆగ్రా గగ. సిల్చరు భగణం. షిలాంగు జగణం. మదురై సగణం. తిరుపతి నల. ఆ ఐదింటినే ఎందుకు ఎంచారో ఇక ఎవరూ చెప్పనక్కర్లేదు. ఐదూ నాలుగేసి మాత్రలవి. కందంలో మొదటి పాదం మూడు గణాలు, అంటే పన్నెండు దెబ్బలు. రెండో పాదం ఐదు గణాలు, ఇరవై దెబ్బలు. మూడు, నాలుగు పాదాలూ అంతే. ఈ ఆట ఆడిన పిల్లలు పద్యాన్ని తప్పుగా విరిచి చదవడం బాగా తగ్గిందని మా అనుభవం. తెలుగు అక్షరాలు ఇంకా కూడబలుక్కుని చదివే పిల్లలు కూడా ఈ ఆటలో వెనకబడరు. వేరే రాష్ట్రాల్లో పెరిగే తెలుగు పిల్లల విషయంలో ఈ మాట మాకు చాలా ముఖ్యం. లిపి రాకపోవడం వేరు, భాష లయ తెలియకపోవడం వేరు.

నాలుగులో ఇమడని ఊళ్లూ ఉంటాయి. గుంటూరు, భోపాలు ఐదేసి మాత్రలు, నడక కూడా ఒకటే. అనంతపురం ఏడు. 'అనం' దగ్గర మూడు, 'తపురం' దగ్గర నాలుగు. తకిట తకధిమి. గురజాడవారు ముత్యాల సరాలకు తీసుకున్న నడక ఈ మూడు, నాలుగుల నడకే. మీ ఊరు ఎన్నో మీరే లెక్కపెట్టుకోండి. జర్మనీలో కార్ల్ ఆర్ఫ్ అనే స్వరకర్త కూడా పిల్లలకు పేర్లతో, మాటలతోనే లయ మొదలుపెట్టించాడు. మన మృదంగం గురువులు వాద్యం ముట్టనిచ్చే ముందు నోటితో జతులు చెప్పించడం కూడా ఆ దారిదే.

తరువాతది పిల్లలు సొంతంగా అల్లడం. వాన ఆట మీకు తెలిసే ఉంటుంది. ఒక వేలితో అరచేతి మీద తట్టడం తుంపర. రెండు వేళ్లు, నాలుగు వేళ్లు, తరువాత చప్పట్లు, నేల మీద పాదాలతో ఉరుము. మళ్లీ వెనక్కి. ఒక పిల్లవాడు ముందు నిలబడి చెయ్యి ఎత్తీ దించీ వానను నడుపుతాడు. ఇందులో ఒక చిక్కు వస్తుంది. శబ్దం పెరిగితే వేగమూ పెరగాలని పిల్లలు అనుకుంటారు. పెద్దవాన అనగానే అందరూ పరిగెడతారు. చప్పుడు పెంచుతూ కాలం మాత్రం కదలకుండా ఉంచడం కష్టమైన పని. ఆ వాన నడిపే పిల్లవాడు దాన్ని తానే కనిపెట్టి, "గట్టిగా, కానీ మెల్లగా!" అని అరిచిన రోజు పాఠం అయినట్టే.

ఇన్ని చెప్పి గొంతు సంగతి చెప్పలేదు. కావాలనే చివరికి ఉంచాం. మేము పనిచేసిన ఒకచోట వార్షికోత్సవానికి బాగా పాడే ఎనిమిది మందిని ఏరి, మిగతావాళ్లను వెనక వరసలో పెట్టి "మీరు పెదవులు కదపండి చాలు" అన్నారు. అందులో ఒక రెండో తరగతి అమ్మాయి ఆ తరువాత ఉదయం ప్రార్థనలో కూడా పెదవులే కదిపేది. ఆరేడేళ్ల పిల్లల గొంతు హాయిగా తిరిగే మేర చిన్నది. పెద్దవాళ్లు తమ శ్రుతిలో పాడి "పలుకు" అంటే ఆ స్వరం ఎక్కడుందో దొరక్క పిల్లలు వెతుక్కుంటారు. దానికి మనం పెట్టే పేరు 'శ్రుతి లేదు'. శ్రుతి పిల్లల గొంతుకు తగ్గట్టు మార్చి, రెండు మూడు స్వరాల్లో తిరిగే చిన్న పాటలు ఇస్తే ఆ పేరు పడ్డవాళ్లలో చాలామంది పాడతారు. హంగరీలో జోల్తాన్ కొడాయ్ (1882-1967) బడిపాటలను అలాగే మొదలుపెట్టాలన్నాడు. కొద్ది స్వరాలు, అవి కూడా సొంత భాషలోని జానపద పాటలు. స్వరానికొక చేతిగుర్తు. స్వరం పైకి వెళితే చెయ్యి పైకి. గొంతు తడబడినా చెయ్యి దారి చూపిస్తుంది.

సొంత భాషలో కొద్ది స్వరాల పాట అంటే మన ఇళ్లలో జోలపాట ఉంది. ఊయల వెళ్లి వచ్చే సమయమే దాని తాళం. ఈ సెలవుల్లో అమ్మమ్మకో నానమ్మకో ఫోను చేసి, మీకు పాడిన జోలపాటను పాడించి రికార్డు చేసుకోండి. మొదటిసారి ఊరికే వినండి. రెండోసారి వింటూ ఊగండి. మూడోసారి చేత్తో తట్టండి. తరువాత మాటలు లేకుండా కూనిరాగం తీయండి. అప్పుడు పాడండి. రాయడం అన్నిటికన్నా ఆఖర్న. సెలవులయ్యాక ఆ కాగితం మాకు తెచ్చి ఇవ్వండి. తెలుగు అక్షరాలు ఇంకా రానివాళ్లు మీకు వచ్చిన లిపిలోనే రాయండి. దాన్ని తెలుగులోకి మార్చి రాసుకోవడం మీ పక్కనే కూర్చుని చూపిస్తాం.